శాశ్వత గృహం చూసి రావడం

హైదరాబాదు నుంచి సత్తెనపల్లికి తిన్నగా బస్సుంది. పొద్దున ఎక్కితే పిడుగురాళ్ళ మీదుగా మధ్యాహ్నం భోజనం వేళకి దింపేస్తుంది. నేను మాత్రం రైల్లో బెజవాడ వెళ్ళి, కృష్ణ దాటి, తాడేపల్లిలో ఒక పూట, గుంటూరులో ఒక రాత్రి, మార్టూరులో ఒక రోజు గడిపి, నాలుగో రోజు పొద్దున సత్తెనపల్లిలో తేలాను. దారిలో వింతలన్నీ చూడాలన్న సరదా అనుకునేరు. సరదా కాదు, భయం.

నేను సివిల్ ఇంజనీరుని. జనం పారేసేవాటితో గోడలు కట్టడం నా ఉద్యోగం. పత్తి తీసేశాక చేలో మిగిలే కట్టె, థర్మల్ స్టేషన్ల బూడిద, రాళ్ళు పాలిష్ పట్టినప్పుడు వచ్చే బురద, ఇవే నా సరంజామా. మా ఇంట్లో చెత్తబుట్ట ఖాళీ చెయ్యాలంటే ముందు నా సంతకం కావాలని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు.

ఈ ప్రయాణానికి ఆరేళ్ళ ముందు, తొంభైల చివర్లో, పత్తికట్టెను తరిగి సిమెంటులో కలిపి బోర్డులు వత్తాను. ఆ బోర్డులతో సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్ళో, పది పన్నెండు అడుగుల గది ఒకటి నమూనా ఇల్లుగా కట్టించాను. రిబ్బను కత్తిరించారు. నేను ఉపన్యాసమిచ్చాను. పొలంలో తగలబెట్టే కట్టె ఇక పేదవాడి గోడ అవుతుందన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆ ఊరి ముఖం చూడలేదు. మొదటి ఏడు తీరిక లేదు. రెండో ఏడు వానలు గట్టిగా పడ్డాయని పేపర్లో చదివాక ధైర్యం లేదు.

ఇప్పుడు ఆ ప్రాజెక్టును పొడిగించాలో మూసెయ్యాలో తేల్చే కమిటీ సోమవారం కూర్చుంటోంది. "ఆరేళ్ళు నిలబడ్డ ఇల్లని ఫోటోతో సహా చూపిస్తే ఇంకేం కావాలండీ," అన్నారు మా పై అధికారి. కెమెరా ఒకటి, మార్టూరులో చూపించడానికి గ్రానైటు పొడితో చేసిన కొత్త దిమ్మెలు రెండు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. సెల్‌ఫోనుకి వచ్చే కాల్స్‌కి డబ్బు పడటం అప్పుడే మానేసింది కాబట్టి, మా ఆయన గంటకోసారి చేసి "ఇల్లు ఉందా?" అని అడుగుతూనే ఉన్నారు.

తాడేపల్లిలో బూడిద

బెజవాడ స్టేషన్లో ఆటో అతను నా సంచి ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టాడు.

"ఏముందమ్మా ఇందులో?"

"ఇటికలు."

అతను నన్నొకసారి, సంచినొకసారి చూశాడు. "మా ఊళ్ళో దొరకవా?"

సంచిని తన కాళ్ళ దగ్గర పెట్టుకుని బ్యారేజీ దాటించాడు. దింపాక మాత్రం, బరువుకి వేరే అని పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.

తాడేపల్లిలో రాఘవయ్య గారు లెక్కల మేష్టరుగా రిటైరై, తన స్థలంలో బూడిద ఇటికల యార్డు పెట్టుకున్నారు. ఉత్తరాల పరిచయమే కానీ మనిషిని చూడటం అదే మొదలు. మజ్జిగ ఇప్పించి, నా దిమ్మెను బకెట్లో ముంచి, వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. నేను ప్రయోగశాలలో ఇరవై నాలుగ్గంటలు చేసే పరీక్షను ఆయన మజ్జిగ తాగే వ్యవధిలో ముగించేశారు.

"బాగానే ఉంది. నీళ్ళు తక్కువే తాగింది. కానీ అమ్మలేవమ్మా," అన్నారు.

"ఎందుకండీ?"

"నా అనుభవం చెబుతున్నా. ఇది బూడిద ఇటిక అని మొదట్లో నిజం చెప్పేవాణ్ణి. ఇల్లు కట్టుకోబోయేవాడి దగ్గర బూడిద మాటెత్తితే ఎవడు కొంటాడు? బూడిద ఆఖర్న కదా వచ్చేది. ఇప్పుడు సిమెంటు రంగు ఇటిక అంటున్నా. లోడు మిగలట్లేదు. నీ పత్తికట్టె బోర్డుకి ఏం పేరు పెట్టావు?"

"కాటన్ స్టాక్ సిమెంట్ బాండెడ్ పార్టికల్ బోర్డు."

ఆయన దిమ్మెను తుడిచి నా చేతికిచ్చారు. "అది పేరు కాదమ్మా. జబ్బు."

గుంటూరు, తుమ్ములు

మాది పార్వతీపురం వైపు. పులుసులో బెల్లం వేసుకునే జాతి. అయినా గుంటూరు వాళ్ళతో సమానంగా కారం తినగలనని నాకొక నమ్మకం ఉండేది. మిర్చి యార్డు ముందునుంచి రిక్షాలో వెళ్తుండగానే ఆ నమ్మకం ముక్కులోంచి పోయింది. ఏప్రిల్ నెల, సీజను నడుమ. మిర్చి టిక్కీ బస్తాలు దించుతున్న హమాలీలు భుజాన తువ్వాలు వేసుకుని మామూలుగా కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను తుమ్మడం మొదలుపెట్టి రైలుగేటు దాకా ఆపలేదు. "కొత్తా అమ్మా?" అని రిక్షా అతను వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

రాత్రి భోజనం ఒక ఇంటి మెస్సులో. ఇరవై రూపాయలకి కడుపు పట్టినంత. నడిపే ఆవిడ కోటేశ్వరమ్మ గారు దగ్గరే నిలబడి వడ్డించారు. ముద్దపప్పు, గోంగూర, పచ్చి ఉల్లిపాయ, పైన నెయ్యి. రెండో ముద్దకి నా కళ్ళు కారడం చూసి, ఇంకో గరిటె నెయ్యి పోశారు.

"ఇది కారం కాదమ్మా. ఉత్త రంగు. కారం రేపు ఇడ్లీలోకి పెడతా."

మా వైపు ఇంటికొచ్చినవాళ్ళని ఏమడగాలన్నా రెండు రోజులు ఆగి అడుగుతారు. ఇక్కడ ఆకు వేసి మంచినీళ్ళు పెట్టేలోపు అన్నీ అడిగేస్తారు.

"ఒక్కదానివే తిరుగుతున్నావు. ఇంట్లో వంట ఎవరు?"

"మా ఆయన."

"ఏం వండుతారు?"

"ఉప్మా."

"మూడు పూటలా? పాపం."

"ఆయన అలవాటు పడ్డార్లెండి."

"నేనంది పిల్లల్ని."

మర్నాడు ఇడ్లీలోకి కారం వచ్చింది. దాన్ని గురించి ఇంకేమీ రాయను.

మార్టూరు బురద

గుంటూరు నుంచి మద్రాసు రోడ్డు మీద, చిలకలూరిపేట దాటాక మార్టూరు. హైవేను వెడల్పు చేస్తున్నారు. దుమ్ములో బస్సు ముందుకు పోతోందా వెనక్కి పోతోందా తెలియలేదు. మార్టూరు దగ్గర పడుతుంటే రోడ్డుకి రెండువైపులా పాలిష్ యూనిట్లు, గోడకి ఆనించిన నల్లటి పలకలు, వాటిలో మన బస్సు నీడ.

నేను వెళ్ళిన యూనిట్టు యజమాని వెంకటేశ్వర్లు గారు. రంపం రాయిని కోస్తుంటే నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఆ నీళ్ళు, రాతిపొడి కలిసి పాలలా పారి వెనక గుంటలో చేరతాయి. గుంట నిండితే ట్రాక్టరు మీద ఎత్తి ఎక్కడో పోస్తారు. పొలాల వాళ్ళు వచ్చి పోట్లాడతారు. ఆ బురదే నా దిమ్మెలకు ముడిసరుకు.

"తీసుకుపోండమ్మా, ఎంత కావాలంటే అంత. మీకు దణ్ణం పెడతా," అన్నారాయన.

నేను ఉత్సాహపడి ఆ పొడితో ఎన్ని దిమ్మెలు చెయ్యొచ్చో, ఎంత సిమెంటు ఆదా అవుతుందో వివరించాను. అరగంట చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. చివర్న గొంతు సవరించుకుని, "అంత పనికొచ్చేదైతే ఊరికే ఎందుకిస్తామండీ?" అన్నారు. చెత్తకి విలువ తేవడం నా వృత్తి అని చెప్పాను కదా. అది సఫలమైన సందర్భం అదొక్కటే.

గుంట దగ్గరికెళ్ళి పొడి రంగు చూడబోయాను. పైన ఎండి నేలలా ఉంది. కాలు పెట్టాను. మోకాలి దాకా దిగిపోయాను. పలకలు తుడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. కుడి చెప్పు ఇప్పటికీ అందులోనే ఉంది. "రోజూ చూసే మేమే అటు పోం," అంది వాళ్ళలో పెద్దావిడ, పంపు దగ్గర నా కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ. "చదువుకున్నవాళ్ళు తెలిసే దిగుతున్నారనుకున్నాం."

తిరిగొచ్చేసరికి నా దిమ్మెల్లో ఒకటి కనబడలేదు. పలకలు ఎక్కించిన లారీ వెనక చక్రం కింద ఉంది. డ్రైవరు రాయి అనుకుని అడ్డం పెట్టాడట. అది నా ప్రయోగశాలలో తయారైందని, దానికో నంబరుందని చెప్పి కోప్పడ్డాను. అతను నెమ్మదిగా దాన్ని లాగి, దుమ్ము దులిపి, రెండు చేతులా ఇచ్చాడు. చిన్న పెచ్చు కూడా ఊడలేదు. కోపం దిగాక, ఎన్ని టన్నుల లోడని అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

సత్తెనపల్లి వైపు

చిలకలూరిపేట వెనక్కి వచ్చి, నరసరావుపేటలో బస్సు మారి సత్తెనపల్లి చేరాను. అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఇరుక్కుని కూర్చున్న ఏడుగురం, పైన విత్తనాల సంచి. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పత్తి చేలు ఖాళీ అయ్యాయి. పీకిన కట్టెను మోపులు కట్టి ఇళ్ళ ముందు నిలబెట్టుకున్నారు, పొయ్యిలోకి. ఆరేళ్ళ కిందట నేను పొయ్యిలోకి పోకుండా కాపాడతానన్న కట్టె అదే.

ఊరి పేరు రాయను. ఇంటి మనిషి మాత్రం తన పేరు రాయనంటే ఒప్పుకోలేదు. మార్తమ్మ. పత్తిలో, మిర్చిలో కూలికి పోతుంది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. నమూనా ఇంటికి స్థలం ఎవరిస్తారని అప్పట్లో అడిగినప్పుడు, ఊళ్ళో అందరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటుంటే, చర్చి వెనక తన పాక పీకి ఆ చోటిచ్చింది.

మలుపు తిరిగేముందు ఆటో దిగి కాసేపు నిలబడ్డాను. అక్కడ ఇల్లు లేకపోతే ఏం మాట్లాడాలో మనసులో అనుకున్నాను. ఉంటే ఏం మాట్లాడాలో అనుకోలేదు. తలుపుకి నీలం రంగు వేసి, ముందర ముగ్గేసి, ఇల్లు నిలబడే ఉంది.

మార్తమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తి చూసి, చేట పక్కన పెట్టింది.

"రండి మేడమ్. దారి మర్చిపోయారనుకున్నాం."

కుర్చీ వేసింది. టీ పెట్టమని లోపలికి కేకేసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి కారం వల్ల కాదు. వెంటనే కెమెరా తీశాను. కెమెరా అద్దంలోంచి చూస్తేనే కిందిభాగం తెలిసింది. నేలనుంచి సుమారు మూడడుగుల దాకా గోడ నాది కాదు. నాపరాళ్ళు. పల్నాటిలో ఎక్కడ చూసినా దొరికే ఆ బల్లపరుపు రాళ్ళు, మట్టితో వరసలు పేర్చి, దానిమీద నా బోర్డులు కూర్చోబెట్టి ఉన్నాయి.

"ఇది ఎప్పుడు?"

"రెండో ఏడు వానలకి," అంది మార్తమ్మ. "మీ చెక్క కింద తడిసి అట్టముక్క లాగా ఉబ్బింది. ఏలు పెడితే ఏలు దిగింది. పైన మాత్రం బాగుంది. మా తమ్ముడూ నేనూ కలిసి రెండు వేపగుంజలు కప్పుకి పోటు పెట్టాం. ఒక చెక్క కింద కోసి రాయి పేర్చటం, అది ఆరాక పక్క చెక్క. అన్నీ ఒక్కసారి తీస్తే మీద పడదూ? పొలం నుంచి వచ్చినాక రోజూ కాసింత. నెల పట్టింది."

ఈ పనికి ఇంగ్లీషులో ఒక పేరుంది. మూడో సంవత్సరంలో చదివి, పరీక్షలో పది మార్కులకి రాసి, జీవితంలో ఒక్కసారీ చెయ్యలేదు. బోర్డు నేల మీద నేరుగా నిలబెట్టొచ్చు, పునాది ఖర్చు కలిసొస్తుంది అని రిపోర్టులో రాసింది నేనే.

"మాకు ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది కదా," అన్నాను.

"రాయించాం. రెండు."

అవి ఏ ఫైల్లో ఉన్నాయో నాకు తెలుసు. రెండూ ధైర్యం లేని ఏడే వచ్చాయి. ఒక్కటీ తెరవలేదు.

ఇక్కడ నేను చేసిన పని దాచకుండా చెప్పాలి. కెమెరా తీసుకుని ఇంటి చుట్టూ తిరిగి, నడుము ఎత్తు నుంచి పైకి మాత్రమే పడేటట్టు ఫోటోలు తీశాను. కిటికీ, చూరు, చెక్కుచెదరని నా బోర్డులు. ఆరేళ్ళు నిలబడ్డ ఇల్లు. సోమవారానికి ఇంకేం కావాలి.

మార్తమ్మ నా వెనకే తిరుగుతోంది. నాలుగో ఫోటో అయ్యాక అడిగింది.

"కింద తియ్యరా మేడమ్? మేం కట్టింది కిందే కదా."

తీశాను. రీల్లో మిగిలినవన్నీ కిందవే తీశాను.

శాశ్వతం అనే మాట

టీ తాగుతుంటే పెద్దమ్మాయి రూతు పుస్తకాలు పట్టుకుని వచ్చింది. టీచర్ ట్రైనింగు చదువుతోంది. అదే గదిలో వంట, అదే గదిలో ముగ్గురి పడక, చదువు వసారాలో. ఊళ్ళో చాలామందికి సర్కారు కాలనీలో ఇళ్ళొచ్చాయి. మీకు రాలేదా అని అడిగాను.  జవాబు రూతు చెప్పింది.

"రెండుసార్లు పెట్టామండీ. మాకు ఆల్రెడీ శాశ్వత గృహం ఉందంట. లిస్టులోంచి తీసేశారు."

ఆ మాట నాకు బాగా తెలిసిన మాట. 'లబ్ధిదారుకు శాశ్వత గృహం సమకూర్చబడినది.' రిపోర్టు చివరి వాక్యం. 'నమూనా గది' అని రాస్తే వాక్యం చప్పగా ఉందని మార్చాను.

మర్నాడు మార్తమ్మ కూలి మానుకుని నాతో ఇళ్ళు మంజూరు చేసే ఆఫీసుకి వచ్చింది. సెక్షను గుమాస్తా పెద్దాయన, మర్యాదస్థుడు. ఫైలు తీసి నా రిపోర్టు నకలు నాకే చూపించారు. కింద నా సంతకం, ఇప్పటికంటే చాలా ధీమాగా ఉంది.

"దీన్ని కాదని పైకి పంపాలంటే మీరే ఇంకోటి రాసివ్వాలండీ. 'ఇల్లు నివాసయోగ్యం కాదు' అని ఒక ముక్క రాయండి. పని అయిపోద్ది."

కలం తీశాను. మార్తమ్మ బల్ల మీద చెయ్యి పెట్టింది.

"యోగ్యం కాదంటే ఏందండీ?"

"ఉండటానికి పనికిరాదని," అన్నారాయన.

"ఎందుకు పనికిరాదు? మేం ఉంటన్నాం కదా. గోడ నేను కట్టుకున్నా. దాన్ని పనికిరాదని ఎట్టా రాస్తారు?"

"అట్టా రాస్తేనే ఇల్లొచ్చేది తల్లీ."

"అయితే అబద్ధం రాయకుండా వచ్చేది రాయండి."

ఆయన నా వైపు చూశారు, మీరే తేల్చుకోండన్నట్టు. నేను సోమవారం గురించి ఆలోచించాను. నిజం రాస్తే కాగితం ఇక్కడ ఆగదు. మా ఆఫీసుకి నకలు వెళ్తుంది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇటికలు, బోర్డులు ఎన్నో విరగ్గొట్టాను. ప్రతిసారీ కారణం ముడిసరుకు మీద రాశాను.

ఒక పేజీన్నర రాశాను. మేము కట్టిన గది రెండు వర్షాకాలాలకు అడుగున పాడైందని, తప్పు డిజైనుదని, డిజైను నాదని రాశాను. 'శాశ్వత గృహం' అన్న మాట ఉపసంహరించుకుంటున్నానన్నాను. అది ప్రయోగం కోసం కట్టిన ఒక్క గది మాత్రమేనని, ఇప్పుడు అది నిలబడి ఉన్నదంటే దానికి కారణం ఇంటావిడ మార్తమ్మ సొంత శ్రమతో వేసుకున్న మూడడుగుల రాతికట్టు అని, దాన్నిబట్టి ఆమెకు ప్రభుత్వం ఇల్లిచ్చినట్టు లెక్కించరాదని రాశాను.

గుమాస్తా గారు చదివి కళ్ళజోడు తీశారు. "ఇది మీ మీదికే వస్తుంది కదండీ."

"ఆవిడ మీద నాలుగేళ్ళ నుంచి ఉంది," అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"ఒకసారి చదివి వినిపించండి మేడమ్," అంది మార్తమ్మ.

చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. రాతికట్టు దగ్గర ఆపింది.

"మూడడుగులు అని చదివారు. నాలుగు. కింద ఒక అడుగు మట్టిలో ఉంటది, మీకు కనపడలా."

మూడు కొట్టేసి నాలుగు వేసి, పక్కన పొట్టి సంతకం చేశాను.

తిరిగొచ్చాక

ఈసారి తిన్న దారినే వచ్చాను. పిడుగురాళ్ళ మీదుగా, భోజనం వేళ మొదలుకుని చీకటి పడేలోగా.

సోమవారం కమిటీ ముందు కిందవీ పైవీ ఫోటోలన్నీ పరిచాను. పత్తికట్టె బోర్డు ప్రాజెక్టు మూసేశారు. నాకు రావలసిన ప్రమోషను ఇంకొకాయనకి వెళ్ళింది. ఆయన మంచివాడే, పైగా ఆయన కట్టినవేవీ నేను చూడలేదు. గ్రానైటు దిమ్మెల పని మాత్రం ఉంచారు. మరుసటేడు రూతు కార్డు రాసింది. కాలనీలో ఇల్లు మంజూరైందట. ఏ సరుకుతో కడుతున్నారని జవాబు రాశాను. నాపరాళ్ళ పునాది, పైన ఎర్ర ఇటిక అని వచ్చింది. నావేమీ లేవు. పాతగదిలో రూతు చదువుకుంటోందట.

కమిటీలో నేను ఒక్కటే అడిగి సాధించుకున్నాను. మూసే ముందు చివరి రిపోర్టులో ఒక సూచన చేర్చనివ్వమన్నాను. పత్తికట్టె బోర్డును నేలకి తగలనివ్వరాదు, కింద మూడడుగులైనా రాతికట్టు ఉండాలి, పాత గోడకైతే ఒక్కొక్క బోర్డు కిందే మార్చుకుంటూ పోవాలి. ప్రతి సూచనకీ ఎవరు చెప్పిందో రాయాలని నియమం. మార్తమ్మ పేరు రాశాను.

ఛైర్మన్ గారు ఆ పేరు దగ్గర పెన్సిలు ఆపి, ఈవిడ అర్హత ఏమిటని అడిగారు.

ఆ ఇంట్లో ఉంటుందండీ, అని చెప్పాను.